పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ పెంచాలంటే క్లినిక్‌లో ఏది ముందు, ఏది తర్వాత

అమెరికాలో ఏటా 50 వేల మందికి పైగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌తో చనిపోతున్నారు. ఈ క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. ఆ దశలోనే కనిపెట్టి తీసేస్తే క్యాన్సర్ దాకా పోదు. అందుకే ఇందులో ఆలస్యం వల్ల పోయే ప్రాణాలు మరీ బాధ కలిగిస్తాయి.

"రోగులు పట్టించుకోరండీ" అన్న మాట క్లినిక్‌లలో తరచూ వినిపిస్తుంది. రికార్డులు తెరిచి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. కొందరికి డాక్టర్ స్క్రీనింగ్ పరీక్ష మాటే ఎత్తలేదు. చెప్పించుకున్నవాళ్లలో కొందరి చేతికి, ఇంట్లోనే మలం నమూనా తీసి పంపే కిట్ అందలేదు. అందినవాళ్లు తిరిగి పంపకపోతే ఎవరూ ఫోన్ చేయలేదు. పాజిటివ్ వచ్చినవాళ్లలో కొందరికి, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ జరగనే లేదు. ఈ నాలుగు చోట్లా లోపం పని పద్ధతిలో ఉంది. పద్ధతిని మార్చడం క్లినిక్ చేతిలో పని.

అమెరికాలోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో, చిన్న ఫ్యామిలీ ప్రాక్టీసుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు, నర్సులు, మేనేజర్ల కోసం ఈ వివరాలు. పెద్ద హాస్పిటల్ వ్యవస్థల్లో వీటిలో సగం పనులు కంప్యూటరే చేసిపెడుతుంది. ఇక్కడ చెప్పేది ముగ్గురు నలుగురు సిబ్బందితో నెట్టుకొచ్చే చోట ఎలా చేయాలన్నది.

ఏవి పనిచేస్తాయో ఇప్పటికే తేలింది

అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2009లో కొలొరెక్టల్ క్యాన్సర్ కంట్రోల్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. 2015లో దాని తీరు మార్చి, క్లినిక్‌లతో కలిసి వాటి లోపలి పని పద్ధతిని మార్చడం మీద దృష్టి పెట్టింది. అందులో ముఖ్యంగా ఎంచుకున్నవి నాలుగు: రోగికి గుర్తుచేయడం, డాక్టర్‌కు గుర్తుచేయడం, ఏ డాక్టర్ రోగుల్లో ఎంతమందికి స్క్రీనింగ్ జరిగిందో లెక్కగట్టి ఆ డాక్టర్‌కే చూపించడం, పరీక్షకు అడ్డొచ్చే ఇబ్బందులను తొలగించడం. కరపత్రాలు, చిన్న వీడియోలు, రోగి వెంట ఉండి నడిపించే నావిగేటర్ వీటికి తోడు.

ఇవి ఎవరికో తోచి రాసినవి కావు. కమ్యూనిటీ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం ఎన్నో అధ్యయనాలను జల్లెడపట్టి సిఫారసు చేసినవి. 2016లో అదే బృందం ఇంకో మాట చెప్పింది: వీటిని విడివిడిగా కాక, రెండు మూడు కలిపి అమలు చేయాలి. రోగిలో ఆసక్తి పెంచేది ఒకటి, పరీక్ష సులువుగా అందేలా చేసేది ఒకటి, డాక్టర్ వైపు నుంచి ఒకటి జోడిస్తే ఫలితం బాగుంటుంది.

పెద్దపేగు క్యాన్సర్ విషయంలో గ్రూపు ప్రసంగాలకు, టీవీ రేడియో ప్రచారానికి, రోగికి గిఫ్టు కార్డులివ్వడానికి, డాక్టర్‌కు బోనస్ ఇవ్వడానికి విడిగా చూస్తే చాలినంత రుజువు దొరకలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే డబ్బు, ఉత్సాహం ముందు వెళ్లేది వీటి వైపే. తెలుగు సంఘం ఆరోగ్య శిబిరంలో అరగంట ప్రసంగం ఇవ్వడం మంచిదే. కానీ హాలు బయట బల్ల మీద కిట్లు లేకపోతే, వాటిని తీసుకున్నవాళ్ల పేర్లు రాసుకుని తర్వాత ఫోన్ చేసేవాళ్లు లేకపోతే అది అక్కడితో ఆగిపోతుంది.

ఎవరికి, ఏ పరీక్ష

2021 మేలో యూఎస్ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే మరో నిపుణుల బృందం స్క్రీనింగ్ మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు దించింది. 45 నుంచి 75 ఏళ్ల వరకు అందరికీ చేయాలి. 76 నుంచి 85 వరకు రోగి ఆరోగ్యం, పాత పరీక్షలు, ఇష్టాన్ని చూసి నిర్ణయించాలి.

పరీక్షలు చాలా ఉన్నా, క్లినిక్‌లో రోజువారీ పనికి వచ్చేవి ప్రధానంగా మూడు. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఏటా చేయాలి. మలంలో డీఎన్ఏ కూడా చూసే పరీక్షను తయారీదారు మూడేళ్లకోసారి అంటారు. కొలనోస్కోపీ బాగా వస్తే పదేళ్లకోసారి. దాదాపు పది వేల మంది మీద జరిగి 2014లో ప్రచురితమైన అధ్యయనంలో ఒక్కసారి చేసిన ఫిట్ క్యాన్సర్లలో 74 శాతాన్ని పట్టింది, డీఎన్ఏ పరీక్ష 92 శాతాన్ని పట్టింది. అయితే డీఎన్ఏ పరీక్షలో తప్పుడు పాజిటివ్‌లు కూడా ఎక్కువ. ఫిట్ బలం ఏటా తప్పకుండా చేయడంలో ఉంది. ఒక్కసారి చేసి వదిలేస్తే ఆ బలం పోతుంది. 2024లో అనుమతి పొందిన రక్తపరీక్ష క్యాన్సర్‌ను బాగానే పట్టినా, ముదిరే పాలిప్‌లలో చాలావాటిని వదిలేస్తుంది. వేరే ఏ పరీక్షకూ ఒప్పుకోని రోగికి తప్ప మొదటి మాటగా దాన్ని చెప్పకండి.

డాక్టర్లు "కొలనోస్కోపీ ఒక్కటే అసలైన పరీక్ష" అని పట్టుబట్టడం వల్ల జరిగే నష్టాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగి 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం స్పష్టంగా చూపించింది. కొలనోస్కోపీ మాత్రమే చేయించుకోమన్నవాళ్లలో 38 శాతమే ఏదో ఒక పరీక్ష పూర్తిచేశారు. మలపరీక్ష చెప్పినవాళ్లలో 67 శాతం, రెండింటిలో ఇష్టమైనది ఎంచుకోమన్నవాళ్లలో 69 శాతం పూర్తిచేశారు. అందుకే రోగి ముందు రెండూ పెట్టండి.

పరీక్షగదిలో డాక్టర్ వేలితో చూసినప్పుడు అంటిన మలాన్ని కార్డు మీద రాసి చేసే పరీక్షను స్క్రీనింగ్‌గా లెక్కించకూడదు. 2005 నాటి ఒక అధ్యయనంలో అది ముదిరిన గడ్డల్లో 5 శాతాన్ని కూడా పట్టలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఈ అలవాటు ఉంటే ముందు దాన్ని ఆపండి.

కిట్ ఇవ్వకూడనివాళ్లూ ఉన్నారు. మలంలో రక్తం కనిపిస్తున్నా, ఐరన్ తగ్గి రక్తహీనత వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా అది స్క్రీనింగ్ సంగతి కాదు, నేరుగా కొలనోస్కోపీకి పంపాలి. అమ్మానాన్నలు, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా 60 ఏళ్లలోపే ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 40వ ఏట గానీ, వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగువాపు జబ్బులు ఉన్నవాళ్లకు, పూర్వం పాలిప్‌లు తీసినవాళ్లకు వేరే లెక్క. కిట్ ఇచ్చే ముందు అడగాల్సిన ఈ ప్రశ్నలను ఒక చిన్న కార్డు మీద అచ్చువేసి మెడికల్ అసిస్టెంట్ దగ్గర ఉంచండి.

ముందు లెక్క సరిచేయండి

ఏ పనైనా మొదలుపెట్టే ముందు మీ స్క్రీనింగ్ శాతం ఎంతో నిజంగా తెలియాలి. కంప్యూటర్ ఇచ్చే మొదటి అంకెను నమ్మకండి. అది సాధారణంగా అసలు కంటే తక్కువగా వస్తుంది. బయట ఎక్కడో చేయించుకున్న కొలనోస్కోపీ రిపోర్టు ఫ్యాక్స్‌లో వస్తుంది, ఎవరో దాన్ని స్కాన్ చేసి "ఇతర పత్రాలు"లో పడేస్తారు. రికార్డులో తేదీ ఎక్కదు. కంప్యూటర్ దృష్టిలో ఆ రోగికి పరీక్ష జరగనట్టే.

లెక్కలోకి వచ్చేవి ఇవి: ఈ ఏడాదిలో చేసిన ఫిట్, ఈ ఏడాది లేదా గత రెండేళ్లలో చేసిన మల డీఎన్ఏ పరీక్ష, ఈ ఏడాది లేదా గత తొమ్మిదేళ్లలో చేసిన కొలనోస్కోపీ, ఈ ఏడాది లేదా గత నాలుగేళ్లలో చేసిన సిగ్మాయిడోస్కోపీ (పేగు కింది భాగాన్ని మాత్రమే గొట్టంతో చూసేది) లేదా సీటీ కొలనోగ్రఫీ (పేగును స్కాన్‌లో చూసేది). పెద్దపేగు మొత్తం తీసేసినవాళ్లను, ఇదివరకే ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లను, హాస్పిస్‌లో (చివరి రోజుల సంరక్షణలో) ఉన్నవాళ్లను లెక్క నుంచి తీసేయాలి.

లెక్క సరిచేసే పని ఇలా సాగుతుంది. 45–75 ఏళ్ల మధ్య ఉండి గత ఏడాదిలో ఒక్కసారైనా క్లినిక్‌కు వచ్చి, స్క్రీనింగ్ జరగనట్టు చూపిస్తున్నవాళ్ల జాబితా తీయండి. అందులోంచి ఏ వరసా లేకుండా 50 మందిని ఎంచుకుని వాళ్ల రికార్డులు చేత్తో వెతకండి. పదిమందికి పైగా రిపోర్టు ఎక్కడో దొరికిందంటే మీ సమస్యలో పెద్ద భాగం రికార్డులదే. అప్పుడు మొత్తం జాబితాను అలాగే వెతికించాలి. స్థానిక గ్యాస్ట్రో డాక్టర్ల ఆఫీసులకు జాబితా పంపి పాత రిపోర్టులు తెప్పించుకోవాలి. ఫ్యాక్స్ అందుకునే మనిషికి ఒకే నియమం నేర్పండి: కొలనోస్కోపీ రిపోర్టు వస్తే స్కాన్ చేయడం సగం పనే, తేదీ, ఫలితం, మళ్లీ ఎప్పుడు చేయాలో నిర్ణీత గడుల్లో నింపితేనే పని పూర్తయినట్టు.

ఈ పనికి ఒకటి రెండు నెలలు పడుతుంది, విసుగ్గానూ ఉంటుంది. దీన్ని దాటేసి నేరుగా కిట్లు పంపిన చోట ఏమవుతుందంటే, మూడేళ్ల క్రితం కొలనోస్కోపీ చేయించుకున్న రోగికి కిట్ వెళ్తుంది. ఆయన ఫోన్ చేసి కోప్పడతారు. డాక్టర్లకు జాబితా మీద నమ్మకం పోతుంది. ఆ నమ్మకం మళ్లీ రావడం చాలా కష్టం.

పాజిటివ్ వస్తే ఎక్కడికి పంపుతారు?

కిట్లు కొనే ముందే దీనికి సమాధానం ఉండాలి. చాలా క్లినిక్‌లు ఇక్కడే వరస తప్పుతాయి. మలపరీక్ష పాజిటివ్ వచ్చాక కొలనోస్కోపీ జరగకపోతే ఆ పరీక్ష వల్ల రోగికి మిగిలేది భయమే.

కాగితం మీద లెక్క వేసుకోండి. వెయ్యి కిట్లు పంపి 30 శాతం తిరిగి వస్తే 300 ఫలితాలు. అందులో 6 శాతం పాజిటివ్ అనుకుంటే 18 మంది. వాళ్లలో ఇన్సూరెన్స్ లేనివాళ్లు ఆరుగురు ఉంటే ఆ ఆరు కొలనోస్కోపీలు ఎవరు చేస్తారు, డబ్బు ఎవరు కడతారు? దగ్గర్లోని హాస్పిటల్ ధర్మ నిధి, రాష్ట్ర స్క్రీనింగ్ ప్రోగ్రామ్, ఏడాదికి కొన్ని ఉచితంగా చేయడానికి ఒప్పుకున్న గ్యాస్ట్రో గ్రూపు, ఏదో ఒకటి రాతపూర్వకంగా కుదుర్చుకోండి. "ఏడాదికి మీ వంతు పన్నెండు" అని అంకె చెప్పి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అంతులేని బాధ్యతకు ఎవరూ సంతకం పెట్టరు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల విషయంలో రూలు మెరుగైంది. మలపరీక్ష పాజిటివ్ వచ్చాక చేసే కొలనోస్కోపీ కూడా స్క్రీనింగ్‌లో భాగమేనని, రోగి జేబు నుంచి కట్టాల్సింది లేదని ప్రైవేటు ప్లాన్లకు 2022 మే 31 తర్వాత మొదలైన ప్లాన్ సంవత్సరాల నుంచి, ప్రధానంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్‌కు 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లింగ్‌లో పొరపాటు జరిగితే మాత్రం రోగికి పెద్ద బిల్లు వెళ్తుంది. మెడికేర్‌లో ఇలాంటి కొలనోస్కోపీకి బిల్లు కోడ్ పక్కన కేఎక్స్ అనే మాడిఫయర్ (అదనపు గుర్తు), ప్రైవేటు ప్లాన్లలో 33 మాడిఫయర్ వేయాలి. రిఫరల్ కాగితం మీదే "ఫిట్ పాజిటివ్ తర్వాత స్క్రీనింగ్ కొలనోస్కోపీ" అని రాయండి. మెడికేర్‌లో పరీక్ష మధ్యలో పాలిప్ తీస్తే 2026 వరకు 15 శాతం వాటా రోగి కట్టాల్సి రావచ్చు. ఆ మాట ముందే చెప్పాలి.

పాజిటివ్ వచ్చినవాళ్లందరికీ ఒక రిజిస్టర్ పెట్టండి. ఎక్సెల్ షీట్ చాలు. ఫలితం వచ్చిన తేదీ, రోగికి చెప్పిన తేదీ, రిఫరల్ పంపిన తేదీ, అపాయింట్‌మెంట్ తేదీ, కొలనోస్కోపీ జరిగిన తేదీ, రిపోర్టు చేతికొచ్చిన తేదీ. వారానికోసారి ఒకే మనిషి ఖాళీ గడులు చూసి కదిలించాలి. గ్యాస్ట్రో నిపుణుల సంఘాలు పెట్టిన లక్ష్యం, పాజిటివ్‌లలో కనీసం 80 శాతం మందికి కొలనోస్కోపీ పూర్తికావడం. కైజర్ పర్మనెంటే అనే పెద్ద ఆరోగ్య సంస్థ రోగుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, పది నెలలు దాటి ఆలస్యమైనవాళ్లలో క్యాన్సర్ దొరికే అవకాశం, అది ముదిరిన దశలో దొరికే అవకాశం రెండూ పెరిగాయి. క్లినిక్‌లో మాత్రం 90 రోజులు గడువుగా పెట్టుకోండి, అప్పుడే జారిపోయినవాళ్లను వెనక్కి లాగడానికి సమయం మిగులుతుంది.

పాజిటివ్ వచ్చినప్పుడు "మళ్లీ ఇంకోసారి ఫిట్ చేసి చూద్దాం" అనడం పొరపాటు. గడ్డల నుంచి రక్తం రోజూ కారదు. రెండోసారి నెగటివ్ వచ్చినంత మాత్రాన మొదటిది తప్పయిపోదు. మొలలున్నాయి కదా, దానివల్లే అయ్యుంటుందని కొట్టిపారేయడమూ అంతే.

కిట్ రోగి చేతికి వెళ్లే దారి

ఫిట్‌కు పథ్యం లేదు, మాంసం మానక్కర్లేదు, ఆస్పిరిన్ ఆపక్కర్లేదు. అది మనిషి రక్తంలోని గ్లోబిన్ అనే ప్రోటీన్‌ను మాత్రమే గుర్తిస్తుంది. ఒకే నమూనా చాలే కిట్‌ను ఎంచుకోండి. రెండు మూడు రోజుల నమూనాలు అడిగేవి తక్కువగా తిరిగొస్తాయి.

డాక్టర్ ఆర్డర్ కోసం ఆగితే పని నడవదు. స్టాండింగ్ ఆర్డర్ (ముందే ఇచ్చి ఉంచే అనుమతి) రాసి మెడికల్ డైరెక్టర్ చేత సంతకం చేయించండి: వయసు 45–75, కార్డులోని ప్రశ్నలన్నింటికీ "లేదు" అని సమాధానం, పరీక్ష గడువు దాటింది, అయితే నర్సు గానీ మెడికల్ అసిస్టెంట్ గానీ కిట్ ఇవ్వవచ్చు. ఆర్డర్ ఆ డాక్టర్ పేరిటే వెళ్తుంది. ఇదొక్కటే కొన్ని క్లినిక్‌లలో మిగతా అన్నింటికంటే ఎక్కువ తేడా చూపిస్తుంది.

పొద్దున పది నిమిషాల హడిల్‌లో (సిబ్బంది చిన్న సమావేశంలో) ఆ రోజు వచ్చేవాళ్లలో ఎవరికి గడువు దాటిందో గుర్తుపెట్టాలి. డాక్టర్‌కు గుర్తుచేయడమంటే అసలు ఇదే. కంప్యూటర్ తెరమీద ఎగిరొచ్చే హెచ్చరికలు రోజుకు ఎన్నో ఉంటాయి, కాబట్టి డాక్టర్లు చదవకుండానే మూసేస్తారు. పరీక్షగది తలుపు దగ్గర మెడికల్ అసిస్టెంట్ "ఈవిడకు ఫిట్ బాకీ ఉంది, కిట్ బల్ల మీద పెట్టాను" అంటే మాత్రం పని జరుగుతుంది.

కిట్ ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలు కేటాయించండి. సీసా తెరిచి చూపించాలి. టాయిలెట్‌లో కాగితం ఎలా పరచాలో, పుల్లతో మలం పైభాగంలో నాలుగైదు చోట్ల ఎలా గీరాలో చెప్పాలి. పుల్ల మీది గాడుల్లో నిండితే చాలు, ఎక్కువ తీస్తే పరీక్షకు పనికిరాకుండా పోతుంది. తర్వాత రోగినే తన మాటల్లో చెప్పమనాలి. ల్యాబ్‌లు నమూనాలను తిప్పిపంపే కారణాల్లో ముందుండేది, సేకరించిన తేదీ రాయకపోవడం. పేరు, పుట్టిన తేదీ లేబుల్ క్లినిక్‌లోనే అతికించి పంపండి. తేదీ గడి చుట్టూ రంగు పెన్నుతో గీత గీయండి. పెట్టె మీద గడువు తేదీ చూడండి. నమూనా ల్యాబ్‌కు చేరడానికి కిట్ మీద రాసిన రోజులు దాటకూడదు. చాలా కిట్లకు గది ఉష్ణోగ్రతలో అది రెండు వారాల దగ్గర ఉంటుంది. ఎండకు హిమోగ్లోబిన్ చెడిపోయి, ఉన్న రక్తం కూడా లేనట్టు వస్తుంది. టెక్సస్, అరిజోనా లాంటి చోట్ల నడివేసవిలో పోస్టులో పంపకండి, నమూనాను కారులో వదిలేయొద్దని ప్రత్యేకంగా చెప్పండి.

ఫ్లూ టీకాల సీజన్ మంచి అవకాశం. టీకా వేసే నర్సే కిట్ కూడా ఇచ్చే పద్ధతిని శాన్‌ఫ్రాన్సిస్కోలో పరీక్షించినప్పుడు, అర్హులైనవాళ్లలో స్క్రీనింగ్ దాదాపు 54 నుంచి 84 శాతానికి పెరిగింది. టీకా మాత్రమే ఇచ్చినవాళ్లలో 53 నుంచి 57కు మాత్రమే పెరిగింది. సెప్టెంబరులోనే కిట్లు తెప్పించి, టీకా ట్రే పక్కనే పెట్టుకోండి.

పోస్టులో కిట్లు

క్లినిక్‌కు రానివాళ్లను చేరడానికి ఇదే దారి. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఇన్సూరెన్స్ లేని రోగుల మీద 2013లో ప్రచురితమైన అధ్యయనంలో, ఇంటికి ఫిట్ పంపినవాళ్లలో 40.7 శాతం స్క్రీనింగ్ పూర్తిచేశారు. ఉచిత కొలనోస్కోపీకి పిలిచినవాళ్లలో 24.6 శాతం, మామూలుగా వదిలేసినవాళ్లలో 12.1 శాతం పూర్తిచేశారు. ఉత్తర కాలిఫోర్నియా కైజర్‌లో పోస్టు కిట్లు ప్రధానంగా సాగిన కార్యక్రమంతో స్క్రీనింగ్ 2000లో 38.9 శాతం నుంచి 2015లో 82.7 శాతానికి చేరింది. ఈ క్యాన్సర్ మరణాల రేటు సగానికి పైగా తగ్గింది.

అయితే ఆరెగాన్, కాలిఫోర్నియాల్లోని 26 కమ్యూనిటీ క్లినిక్‌లలో ఇదే పద్ధతిని అక్కడి సిబ్బంది చేతికిచ్చి చూసినప్పుడు పెరుగుదల 3 శాతం పాయింట్లకు కాస్త పైన మాత్రమే ఉంది. కొన్ని చోట్ల అర్హులైనవాళ్లలో 68 శాతానికి కిట్ వెళ్తే, కొన్ని చోట్ల 7 శాతానికి కూడా వెళ్లలేదు. పద్ధతి మంచిదే అయినా, కిట్లు గదిలోనే ఉండిపోతే అది పనిచేయదు.

వరస ఇది. మొదట ఒక చిన్న లేఖ: "రెండు వారాల్లో మీకో కిట్ వస్తుంది, అది మా క్లినిక్ నుంచే, ఖర్చు లేదు." లేఖ మీద రోగికి తెలిసిన డాక్టర్ సంతకం ఉండాలి. రెండు వారాల తర్వాత కిట్, బొమ్మలతో సూచనలు, స్టాంపు అంటించిన తిరుగు కవరు. కవరుకు స్టాంపు లేకపోతే తిరిగి రావు. మూడు వారాలకు టెక్స్ట్ లేదా ఫోన్. ఆరు వారాలకు మనిషి స్వయంగా చేసే ఫోన్. షికాగోలో మెసేజ్‌లు, పోస్టు కిట్, మూడు నెలలకు ఫోన్ అన్నీ కలిపి చేసినప్పుడు, అంతకుముందు ఏడాది ఫిట్ చేయించుకున్నవాళ్లలో 82 శాతం మళ్లీ పూర్తిచేశారు. మామూలు పద్ధతిలో 37 శాతమే.

ఒకేసారి వెయ్యి పంపకండి. వారానికి 50 నుంచి 100 పంపితే ఫోన్లు, ల్యాబ్, కొలనోస్కోపీ అపాయింట్‌మెంట్లు తట్టుకుంటాయి. డిసెంబరు రెండో వారం నుంచి ఆపండి, పోస్టు ఆలస్యాల్లో నమూనాలు పాడవుతాయి. చిరునామాలు ముందే సరిచూసుకోండి. మొదటి 50 లేఖల్లో ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెడితే మీ జాబితా నాణ్యత తెలిసిపోతుంది.

డాక్టర్లకు అంకెలు చూపించడం

నెలకోసారి, ఒక పేజీ. ప్రతి డాక్టర్ శాతం, క్లినిక్ సగటు, గత నెల అంకె. దానికంటే ముఖ్యం, కింద ఆ డాక్టర్ రోగుల్లో గడువు దాటినవాళ్ల పేర్లు. అంకె మాత్రమే ఇస్తే మనసు నొచ్చుకుంటుంది, పేర్లిస్తే పని మొదలవుతుంది. మొదటి రెండు నెలలు ఎవరి అంకె వాళ్లకే చూపించి, జాబితాలో తప్పులుంటే చెప్పమనండి. తప్పులు సరిచేశాక అందరి అంకెలూ ఒకచోట పెట్టవచ్చు. 60 మంది రోగులున్న డాక్టర్ శాతం నెలనెలా ఊగుతుంది. దాన్ని 600 మంది ఉన్న డాక్టర్‌తో పోల్చి ఎవరినీ నిలదీయకూడదు. మెడికల్ అసిస్టెంట్లకు కూడా ఈ పేజీ ఇవ్వండి, కిట్లు ఇచ్చేది వాళ్లే.

కొలనోస్కోపీ దాకా చేయి పట్టి నడిపించడం

న్యూహాంప్‌షైర్ రాష్ట్ర స్క్రీనింగ్ ప్రోగ్రామ్‌లో నావిగేటర్ తోడున్నవాళ్లలో 96 శాతం కొలనోస్కోపీ పూర్తిచేశారు, లేనివాళ్లలో 69 శాతమే. నావిగేటర్ నర్సే కానక్కర్లేదు. ఓపిక, ఫోన్, రాసిపెట్టిన ప్రశ్నల జాబితా ఉంటే చాలు.

మొదటి ఫోన్ అపాయింట్‌మెంట్ ఖాయం కాగానే: భయాలు, మందుల జాబితా, రక్తం పలచబరిచే మందులు, షుగర్ మందులు. వీటిని ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెప్పాలి, నావిగేటర్ కాదు. రెండో ఫోన్ వారం ముందు: పేగు శుభ్రపరిచే మందు కొన్నారా, ఐరన్ మాత్రలు ఆపారా, ఇంటికి తీసుకెళ్లే పెద్ద మనిషి ఎవరు. మత్తు ఇస్తారు కాబట్టి ఒంటరిగా ట్యాక్సీలో వెళ్తామంటే చాలాచోట్ల పరీక్ష రద్దు చేస్తారు. ఆఖరి నిమిషంలో ఆగిపోయే కేసుల్లో ఈ తోడు మనిషి సమస్య తరచూ కనిపిస్తుంది. మూడో ఫోన్ రెండు రోజుల ముందు: మందు తాగే వేళలు. సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి కనీసం రెండు గంటల ముందే ముగించాలి. మొత్తం రాత్రే తాగేస్తే తెల్లారేసరికి పేగు మళ్లీ మురికిగా ఉంటుంది.

తెలుగు కుటుంబాల విషయంలో

మనదేశంలో ప్రభుత్వం నడిపే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. కాబట్టి ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లు 45 ఏళ్లకు ఈ మాట వినడం అదే మొదటిసారి కావచ్చు. "నాకేం లేదు కదండీ, అరుగుదల కూడా బాగానే ఉంది" అంటారు. ఏమీ లేనప్పుడు చేసేదే ఈ పరీక్ష అని అక్కడే చెప్పాలి. శాకాహారులకు రాదన్న నమ్మకం కూడా ఉంది. శాకాహారం వల్ల ఈ పరీక్ష అవసరం తీరిపోదు.

మలాన్ని ముట్టుకోవడం, పోస్టులో వేయడం అంటే పెద్దవాళ్లకు ఇబ్బంది. పుల్ల ఉంటుంది, చేతికి అంటదు, సీసా మూత పడ్డాక తెరుచుకోదు అని సీసా చూపించి చెప్పండి. ఫోన్‌లో: "నమస్కారమండీ, క్లినిక్ నుంచి చేస్తున్నాను. మీకు పంపిన కిట్ అందిందా అమ్మా? ఎలా చేయాలో ఒకసారి చెప్పమంటారా?" అని అడిగితే చాలామంది సందేహాలు బయటపెడతారు. ఇంట్లో ఉన్న మైనరు పిల్లల చేత అనువాదం చేయించకండి. అత్యవసరం అయితే తప్ప ఫెడరల్ రూల్స్ దానికి ఒప్పుకోవు. ఫోన్ ద్వారా తెలుగు దుబాసీ సేవలు దొరుకుతాయి.

కొలనోస్కోపీకి ముందు తిండి సూచనలు టర్కీ శాండ్‌విచ్ గురించి రాసి ఉంటాయి, మనవాళ్లకు అర్థం కావు. ముందు రోజుల్లో పప్పు, ఆకుకూరలు, గోంగూర, టమాటా, వేరుశనగలు, నువ్వులు, గింజలున్న పచ్చళ్లు వద్దని, తెల్లన్నం, పెరుగు తినవచ్చని తెలుగులో ఒక కాగితం రాయండి. ఆఖరి రోజు నీళ్లలా పారదర్శకంగా ఉన్నవే తాగాలి: పాలు కలపని టీ, కొబ్బరినీళ్లు, ఆపిల్ జ్యూస్. మజ్జిగ, కాఫీలో పాలు ఆ రోజుకు పనికిరావు. ఎరుపు, ఊదా రంగు పానీయాలూ వద్దు. మీ గ్యాస్ట్రో డాక్టర్ సూచనలతో ఆ కాగితాన్ని సరిపోల్చుకున్నాకే పంచండి.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు వేరే సంగతి. వాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్స్ సాధారణంగా ముందుజాగ్రత్త పరీక్షలకు డబ్బివ్వదు. వాళ్లకు ఇక్కడ కిట్ ఇచ్చే ముందు పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ ఎక్కడ చేయిస్తారో కొడుకు, కూతుళ్లతో మాట్లాడండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయిస్తామంటే, రిపోర్టు కాపీ ఇంగ్లిష్‌లో రాసి చేతికివ్వండి.

రెండో ఏడాది

ఫిట్ నెగటివ్ వచ్చినవాళ్లు ఏడాది తిరిగేసరికి మళ్లీ జాబితాలోకి రావాలి. చాలా క్లినిక్‌ల శాతం మొదటి ఏడాది పెరిగి రెండో ఏడాది పడిపోవడానికి కారణం ఇదే: కొత్తవాళ్ల వెంట పడతారు, పాతవాళ్లను మరిచిపోతారు. నెగటివ్ ఫలితం పంపే లేఖలోనే "వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్లీ" అని రాసి, రికార్డులో ఆ తేదీని అప్పుడే వేయండి.

పని నడిపించే మనిషి ఉద్యోగం మానేస్తే మొత్తం ఆగిపోకూడదు. జాబితా ఎలా తీయాలి, ఏ వారం ఏ లేఖ వెళ్లాలి, కిట్లు ఎక్కడ ఆర్డర్ చేయాలి, పాజిటివ్ రిజిస్టర్ ఎవరు చూడాలి అన్నవి రెండు పేజీల్లో రాసి, ఇంకో మనిషికి నేర్పి, ఆ మనిషి చేత ఒక నెల పూర్తిగా చేయించి చూడండి. ఆ నెలలో ఎక్కడ ఆగారో అక్కడ కాగితంలో ఒక వాక్యం చేర్చండి.